నలభై రెండు ఇళ్ళ తోడు

పాలపిట్టలంక నీళ్ళ పుస్తకం. ఈ ఏడు రాసే వంతు మా ఇంటిది. రాస్తున్నది మార్తమ్మ.

సోమవారం, ఉదయం

తొట్టి తోడుకుంది. స్తోత్రం.

మూత తీస్తే పైన ఉప్పు మీగడ వేలెడు మందాన కట్టి ఉంది. గరిటెతో ఎత్తి ఎండలో పెట్టాను. కింద తియ్యటి నీళ్ళు ఆరు బిందెలు వచ్చాయి. అడుగున మిగిలిన చిక్కటి చెంబుడు నీళ్ళు సాయంత్రం మళ్ళీ తోడు వేయడానికి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టాను. చుట్టూ కనుచూపు మేర సముద్రపు నీళ్ళే. ఈ చెంబుడు తోడు లేకపోతే అందులో ఒక్క గుక్క మాకు పనికిరాదు. పంతొమ్మిదేళ్ళుగా రోజూ చేస్తున్న పనే. అయినా మూత తీసే ముందు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను.

ప్రార్థన ఇంకా ముగియనేలేదు, రేవులో కేక వినిపించింది. కొత్త పడవ. అందులోంచి ఒక పొడుగాటి మనిషి దిగింది. పేరు నూకాలట. పది రోజుల కింద ముప్పై ఇళ్ళవాళ్ళు గట్టుకి కట్టిన తాళ్ళు విప్పుకుని, తమ తెప్పలన్నీ ఒకదానికొకటి ముడేసుకుని సముద్రం మీదకు వచ్చేశారట. ఉప్పులంక అని పేరు పెట్టుకున్నారు. మాకు పూట ప్రయాణం దూరంలో ఆగారు.

"మీ కాడ తోడుందని ఇన్నాం అప్పా. మాకూ కాసింత పెడతారేటి?" అంది. అక్కని అప్ప అనడం వాళ్ళ వైపు మాట.

మమ్మల్ని తోడు అడిగి ఆరేళ్ళయింది! మా లంకని నలభై రెండు ఇళ్ళు దాటనివ్వం. మొదటి ఇంట్లో కేకేస్తే నలభై రెండో ఇంటి దాకా వినపడుతుంది, అందుకని. ఇంకా పెరగాలని ఎవరికైనా అనిపిస్తే ఇంకో లంకకి తోడు పెట్టమంటాం. మా పెరుగుదల అంతా అదే. అలా పెట్టి ఆరేళ్ళు.

గంట కొట్టించి అందరితో ఒక్క మాటే చెప్పాను. "మంచిది ఇవ్వండి."

మధ్యాహ్నానికి నలభై రెండు కుండలు రేవులో చేరాయి. తోడుకి వెల లేదు. ఎంత ఇస్తున్నామో ఇచ్చేవాళ్ళు చెప్పరు, పుచ్చుకునేవాళ్ళు గుడ్డ విప్పి చూడరు. తోడు ఒంటరిగా ప్రయాణం చేయదు కూడా. తొట్టి పట్టుకునే తీరు నేర్పడానికి ఇక్కడి మనిషి ఒకరు వెంట వెళ్ళి వారం ఉండాలి. మా చిన్న చెల్లెలు సువార్త వెళ్తానంది. దానికి నోరెక్కువ, చెయ్యి మంచిది.

మా తమ్ముడు దానేలు ఈ ఏడు లంక పెద్ద. పడవ దాకా వచ్చాడు. "ముప్పై ఇళ్ళకీ కలిపి ఒక్క పెద్ద తొట్టి కట్టుకోమని చెప్పవే. ముప్పై చోట్ల ముప్పైమంది ఒంగుని తిప్పడం ఏం కర్మ?"

"కట్టుకుంటార్లే. కౌగిలించుకోడానికి నువ్వొస్తావా?" అంది సువార్త.

రేవంతా నవ్వింది. మా తొట్టికి కొలత కౌగిలి. ఒక మనిషి చేతులు చుట్టూ తిరిగి అందాలి. ఒంటి వేడి తగిలితేనే తోడు లేస్తుంది. అంతకంటే పెద్దదైతే నిద్రపోతుంది. దానేలు అది పాతకాలపు మాట అంటాడు.

పడవ కదిలింది. నలభై రెండు కుండలూ ఎండలో మెరుస్తుంటే పెళ్ళి సారె పంపుతున్నట్టుంది. యాభై నాలుగేళ్ళ మనిషిని, రేవులో నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

సోమవారం, పొద్దు వాలాక

ఒక తప్పు ఒప్పుకోవాలి. మంచిది ఇవ్వమన్నదాన్ని నేనే కదా, అడుగంటా గీకి కుండెడూ ఇచ్చేశాను. పక్కింటి ఎలీసమ్మ దగ్గర గరిటెడు తెచ్చుకోవచ్చులే అనుకున్నాను. ఎప్పుడూ చేసేదే. ఎవరి తొట్టిలో తోడు విరిగినా పక్కింటి గరిటెతోనే మళ్ళీ లేస్తుంది.

గిన్నె పట్టుకుని బయటికి వచ్చేసరికి ఎలీసమ్మ మా గుమ్మంలోనే ఉంది. ఆమె చేతిలోనూ గిన్నె.

"వదినా, ఒక్క గరిటెడు తోడు పెట్టు. ఉన్నదంతా ఇచ్చేశాను."

"నేను మీ ఇంటికే వస్తున్నాను ఎలీసమ్మా."

ఇద్దరం ఒకరి గిన్నెలోకి ఒకరం చూసుకున్నాం.

"అయితే మూడో ఇంటికి పోదాం పద" అంది.

మూడో ఇల్లు తాళం వేసి ఉంది. ఆ ఇంటావిడ గిన్నెతో నాలుగో ఇంటి ముందు నిలబడి ఉంది. నాలుగో ఇంటివాళ్ళు అయిదో ఇంటికి వెళ్ళారట. సందు మలుపు తిరిగేసరికి లంక అంతా అక్కడే ఉంది. ఆడామగా అందరి చేతుల్లోనూ ఖాళీ గిన్నెలు. తలుపు తడితే తీసేవాళ్ళు లేరు, అందరూ తట్టేవాళ్ళే.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. అందరం నవ్వాం. ఎలీసమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఒక్కరంటే ఒక్కరికి పిసినారి బుద్ధి ఉండకూడదా మన లంకలో!" అంది.

తర్వాత నవ్వు ఆగింది. ఏ పిల్లో "అయితే రేపు నీళ్ళో?" అని అడిగింది.

మంగళవారం

నిలవ నీళ్ళన్నీ కొలిచాం. పొదుపుగా వాడితే శుక్రవారం పొద్దుటి దాకా సరిపోతాయి. తోడు ఉన్న మరో లంక మూడు రోజుల దారి. ఉప్పులంక దగ్గరే, కానీ వాళ్ళ రేడియో గట్టు మీదే ఉండిపోయింది. మనిషి వెళ్ళాల్సిందే.

దానేలు నాతో చెప్పకుండానే గట్టు మీది నీళ్ళ కంపెనీకి రేడియోలో కబురు చేశాడు. వాళ్ళు ఎంతో మర్యాదగా మాట్లాడారట. శుక్రవారం పొద్దున్నే పైపు వేసుకుంటూ వస్తారట. ఒకటే షరతు. తొట్లన్నీ వాళ్ళ ముందే పగలగొట్టాలి. పైపు ఉన్నచోట తొట్టి ఉండకూడదు.

"పగిలితే మళ్ళీ చేసుకోలేమా?" అన్నారెవరో.

"మళ్ళీ తొట్టి కనపడితే పైపు కట్టేస్తారు" అన్నాడు దానేలు, తల ఎత్తకుండా.

అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు. "తిట్టు అక్కా."

"ఎందుకు?"

"మా ఇంట్లో నెల దాటని పసిగుడ్డు ఉంది. దాని తల్లి గుక్కెడు నీళ్ళు తాగకపోతే పాలెక్కడివి? నేను మనవడి మొహం చూడాలా, నీ కౌగిలి తొట్టి చూడాలా?"

తిట్టలేదు. వాడి స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. "శుక్రవారం సూర్యుడు లేచేదాకా గడువివ్వు" అన్నాను. "అప్పటికి తొట్లు తోడుకుంటే పైపు వెనక్కి పంపుదువు. లేకపోతే మొదటి దెబ్బ నేనే మా తొట్టి మీద వేస్తాను."

ఒప్పుకున్నాడు. కానీ ఇవాళ గాలి ఎదురుగా ఉంది. రేపు తెల్లవారుజామున ఎలీసమ్మా నేనూ బయల్దేరుతున్నాం. ఇచ్చిన తోడు వెనక్కి అడగడానికి. ఈ లంక పుట్టాక అలా అడిగినవాళ్ళు లేరు. ఏ మొహం పెట్టుకుని అడగాలో ప్రభువుకే తెలియాలి.

బుధవారం

తెరచాప నిండా గాలి. మధ్యాహ్నానికి ఉప్పులంక చేరాం. రేవులో సువార్త మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడిచే మనిషి కాదది.

"తోడుకోలేదక్కా. రెండు పొద్దులు చూశాను. తోడుకోలేదు."

తీసుకెళ్ళి చూపించింది. లంక మధ్యలో ఒక ప్లాస్టిక్ ట్యాంకు. ఇల్లంత ఉంది. గట్టు నుంచి తెచ్చుకున్న వస్తువులన్నిటిలో వాళ్ళకి ఘనమైనది అదేనట. ముగ్గురు లోపలికి దిగి కడిగారు. చుట్టూ ముగ్గులు పెట్టారు. మా నలభై రెండు కుండలూ అందులో ఒంపేశారు.

"వద్దన్నానక్కా, వినలేదు" అంది సువార్త.

నూకాలు ముందుకొచ్చింది. మొహం నల్లబడి ఉంది. "నలబై రెండు కుండలు అంచుల్దాకా పంపినారు. అంత పెద్ద మనసుతో పంపింది సట్టికుండల్లో పెడితే మిమ్మల్ని సిన్నసూపు సూసినట్టు కాదేటప్పా? మాకాడున్న పెద్దది అదే మరి."

నేనేమంటాను? అడుగంటా గీకి పంపింది మేము. గౌరవంతో పెద్ద పళ్ళెంలో పెట్టింది వాళ్ళు.

నిచ్చెన ఎక్కి చెయ్యి ముంచాను. చల్లగా ఉంది. వాసన చూశాను. పులుపు. నాలుక మీద వేసుకున్నాను. ఆ పులుపు అడుగున, ఎక్కడో, సన్నగా ఒక చురుకు. మళ్ళీ వేసుకున్నాను. ఉంది!

"చావలేదు" అన్నాను. గట్టిగా అరిచానట. ఎలీసమ్మ తర్వాత చెప్పింది. "నిద్రపోతోంది. అంతే. లేపాలి. ఇంటికొక గిన్నె తెండి. చేతులు చుట్టూ అందేది ఏదైనా సరే."

ఇక చూడాలి! అన్నం వండే డేగిసాలు, ధాన్యం డబ్బాలు, మైనం పూసిన చేపల బుట్ట, పెళ్ళికూతురి ఇత్తడి గంగాళం, ఒక ముసలాయన తన పడవలో నీళ్ళు తోడిపోసే బాల్చీ. ముప్పై ఇళ్ళకి ముప్పై రకాలు. ట్యాంకు అడుగు నుంచి చిక్కటివన్నీ పంచాం. సువార్త ఇంటింటికీ తిరిగి పట్టుకునే తీరు చూపించింది. ఎడం చెయ్యి చుట్టూ వేసి, రొమ్ముకి ఆనించుకుని, కుడిచేత్తో అడుగుదాకా తిప్పాలి. ఒక పాట అయ్యేదాకా.

"ఏ పాటమ్మా?" అంది ఒక పిల్ల.

"మేము కీర్తన పాడతాం. మీకొచ్చింది మీరు పాడండి" అన్నాను.

వాళ్ళు వల లాగేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నారు. నూకాలు గొంతు అందరికంటే పైన. మొగవాళ్ళు మొదట సిగ్గుపడ్డారు. డేగిసాని కౌగిలించుకుని ఎలా కూర్చోవడం అని. సువార్త ఒకాయనతో, "బావా, పెళ్ళాం అనుకో" అంది. "పెళ్లాం ఇంత సల్లగుండదు, కొడతాది" అన్నాడాయన. ఆ నవ్వుల్లో పొద్దు వాలింది.

వెనక్కి అడగడానికి వచ్చామని ఇంకా చెప్పలేదు. అడగడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

గురువారం, ఉదయం

తొమ్మిది!

ముప్పైలో తొమ్మిది తోడుకున్నాయి. ఇత్తడి గంగాళం, బాల్చీ, మైనం బుట్ట కూడా. ఆకంత పల్చటి మీగడ. నూకాలు దోసిలి పట్టి తాగింది. మాట్లాడకుండా నా చేతులు తన కళ్ళకి అద్దుకుంది.

అప్పుడు చెప్పాను, మా లంకలో చుక్క తోడు లేదని. శుక్రవారం సంగతీ, పైపు సంగతీ చెప్పాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. నా మనసు చివుక్కుమంది. కాసేపటికి తొమ్మిది కుండలు మోసుకుని వచ్చారు. మూతులకి గుడ్డలు కట్టి.

"పట్టుకుపోండప్పా" అంది నూకాలు.

నేను వంగబోయాను. ఎలీసమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "వదినా! వీళ్ళ ఇళ్ళల్లో ఏమన్నా ఉంచారో లేదో అడుగు."

అడిగాను.

గంగాళం ఇంటావిడ, "బాల్చీ తాతింట్లో ఉంటాది కదేటని" అంది. బాల్చీ తాత, "నానూ దీని గంగాళం సూసుకునే" అన్నాడు.

ఎలీసమ్మ నేల మీద కూలబడి నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పంతొమ్మిదేళ్ళ కట్టుబాటు ఆ రేవులో నా చేత్తోనే తప్పాను. తొమ్మిది గుడ్డలూ విప్పించాను. అందరి కళ్ళ ముందే ప్రతి కుండలోంచి సగం వెనక్కి పోయించాను. "ఇకమీదట గుడ్డ కట్టవద్దు. ఇచ్చేది కనపడితే సిగ్గు లేదు. ఉంచుకున్నది కనపడాలి" అన్నాను.

సువార్త అక్కడే ఉండిపోయింది. ఇంకా ఇరవై ఒక్క గిన్నెలు లేపాలి కదా. దాని మొహంలో అలసట లేదు. వెలిగిపోతోంది.

గురువారం, సాయంత్రం

పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. రేవులో నలభై రెండు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఇంటికి రెండు గరిటెల చొప్పున వచ్చింది. ఎప్పుడూ చెంబుడు వేసే తొట్టికి రెండు గరిటెలు. అయినా వేశాం.

ఇవాళ ఒక్కరు తిప్పి ఊరుకోలేదు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. దానేలు ఇంటి ముందు నుంచి వస్తూ చూశాను. తొట్టికి చెంప ఆనించి తిప్పుతున్నాడు. పాట రాదు వాడికి. మనవడిని జోకొట్టే మాటలే అంటున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

నా ప్రార్థన ఇవాళ చిన్నది. తెల్లారనివ్వు అన్నాను.

శుక్రవారం

కంపెనీ పడవ సూర్యుడి కంటే ముందే వచ్చింది. పైపు చుట్టలు, ఒక కాగితం, రెండు పెద్ద సుత్తులు. ముందు దిగినాయన పైపు ఫిట్టరు. పేరు సింహాద్రి. మీసాలు నెరిశాయి. "సంతకం ఎవరు పెడతారండీ?" అన్నాడు.

"సూర్యుడు లేవనీ" అన్నాడు దానేలు.

అందరూ మూతల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. నీళ్ళ అంచున ఎరుపు తేలింది.

మూతలు లేచాయి.

ఎలీసమ్మది తోడుకోలేదు. ఆ పక్కది కూడా. నాది తీశాను. కళ్ళు మూసుకునే తీశాను. వేలు పెడితే వేలికి తగిలింది, సన్నటి పొర. సందు చివర నుంచి "ఉంది!" అని కేక. ఇంకోచోట "ఉంది!" ఆ తర్వాత లెక్కపెట్టలేకపోయాను. కేకలన్నీ కలిసిపోయాయి.

మొత్తం ఇరవై ఆరు.

దానేలు తొట్టి తోడుకోలేదు. వాడు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉన్నాడు. ఫిట్టరు కాగితం పట్టుకుని వెనకాలే నిలబడ్డాడు. "ఏమంటారు మరి? పదహారు ఇళ్ళకి లేనట్టే కదండీ."

లోపల్నుంచి దానేలు కోడలు వచ్చింది. చంకలో బిడ్డ. బిడ్డ పాలు తాగి నిద్రపోతున్నాడు. ఆమె చేతిలో చెంబు.

"మావయ్యా, వీడు కీచురాలిలా ఏడుస్తుంటే ఏడో ఇంటికి పోయి నీళ్ళు తెచ్చుకు తాగాను. వాళ్ళది బాగా తోడుకుంది. మనక్కూడా గరిటెడు పెడతామన్నారు. తీసుకురానా?"

దానేలు లేచి, మోకాళ్ళు దులుపుకుని, కాగితం తీసుకుని మడిచి సింహాద్రి జేబులో పెట్టాడు. "ఇరవై ఆరు ఉన్నాయి గదండీ. సాయంత్రానికి నలభై రెండూ ఉంటాయి. పైపు అక్కర్లేదండి. ఇంత దూరం వచ్చారు, టీ తాగి వెళ్ళండి."

నా వైపు చూడలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

పడవవాళ్ళు సుత్తులు సర్దుకున్నారు. సింహాద్రి మాత్రం నా తొట్టి దగ్గర ఆగాడు. గ్లాసుడు నీళ్ళు ఇచ్చాను. తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు.

"మా వీధిలో పైపు వారానికి రెండుసార్లు వస్తాదండి. వేసేది నేనే, రానిదీ నాకే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గరిటెడు నాకు పెడతారేంటండీ? ఎవరికీ చెప్పనులెండి" అన్నాడు.

"చెప్పకపోతే ఎలా? మీ పక్కింట్లో ఎవరుంటారు?"

"ఎవరో ఒకావిడండి."

"పేరు?"

మీసం సవరించుకున్నాడు. పైకి చూశాడు, కిందకి చూశాడు. "తెలీదండి. తొమ్మిదేళ్ళయింది ఆ ఇంట్లోకి వచ్చి."

"తోడు ఎప్పుడో ఒకరోజు విరుగుతుంది నాయనా. ఆరోజు గిన్నె పట్టుకుని ఎవరింటికి వెళ్తావు? ముందు ఆవిడ పేరు కనుక్కుని రా. తోడు నీకోసం ఉంచుతాను."

అతను తల ఊపి పడవ ఎక్కాడు. వస్తాడని నేను అనుకోలేదు.

సోమవారం

నలభై రెండూ తోడుకున్నాయి. ఉప్పులంక పడవ వచ్చింది. వాళ్ళవి ఇరవై ఎనిమిదట. సువార్త ఇంకో వారం ఉంటుందట. అక్కడి కూర బాగుందట.

ఇది రాస్తుండగా రేవులో ఒకటే గోల. కలం పక్కన పెట్టి వెళ్ళాను. గట్టు వైపు నుంచి చిన్న పడవ. ఇంకా చాలా దూరంలో ఉంది. అందులో సింహాద్రి లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. పడవ ఒరిగిపోతోంది. వెనక కూర్చున్న ఒక పెద్దావిడ ఒక చేత్తో అంచు పట్టుకుని, ఇంకో చేత్తో అతని చొక్కా లాగుతూ కూర్చోమని తిడుతోంది.

అతను కూర్చోలేదు. నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, లంక అంతా వినేలా అరిచాడు.

"మంగతాయారు అంటండీ!"